డ్యాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ ఎక్కడ పెట్టాలి: సోర్స్‌లోనా, రిపోర్ట్‌లోనా, చూసేవాళ్ల చేతిలోనా?

ఏ టూల్ తీసుకున్నా ఒకే ఫిల్టర్‌ని కనీసం నాలుగు చోట్ల పెట్టొచ్చు. డేటా లోడ్ అయ్యే దగ్గరే ఆపేయొచ్చు, రిపోర్ట్ మొత్తానికో ఒక్క చార్ట్‌కో పెట్టి వదిలేయొచ్చు, చూసేవాళ్లకి డ్రాప్‌డౌనో స్లైడరో ఇవ్వొచ్చు, లేదంటే ఒక చార్ట్‌లో బార్ మీద నొక్కితే పక్క చార్ట్ మారేలా చెయ్యొచ్చు. నాలుగిట్లోనూ మొదట స్క్రీన్ మీద కనిపించే అంకె ఒకటే కావడంతో చాలామంది చేతికి ఏది ముందు తగిలితే అది పెట్టేసి ముందుకెళ్లిపోతారు. తేడా తర్వాతెప్పుడో బయటపడుతుంది. శాతాలు కలవవు, టాప్ 10 అని రాసిన చోట నాలుగే వరుసలు కనిపిస్తాయి, చూడకూడనివాళ్లు చూడకూడని డేటాని తీరిగ్గా డౌన్‌లోడ్ చేసుకుంటారు.

నా మటుకు నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఈ ఫిల్టర్‌ని ఎవరు మార్చాలి? ఇది మారినప్పుడు ఏ అంకె కదలాలి, ఏది కదలకూడదు? డ్రాప్‌డౌన్ బాగుంటుందా బటన్లు బాగుంటాయా అన్నది ఈ రెండూ తేలాక చూసుకునే సంగతి. టాబ్లో, పవర్ బీఐ, లుకర్ స్టూడియో అనే మూడు డ్యాష్‌బోర్డ్ టూల్స్‌నీ పక్కపక్కన పెట్టి చెబుతాను, ఎక్సెల్ పివట్ వాడేవాళ్లకి చివర్లో ఒక మాట ఉంది.

ఎవరూ మార్చక్కర్లేదంటే సోర్స్‌లోనే ఆపేయండి

టెస్ట్ కోసం పెట్టిన ఆర్డర్లు, రెండుసార్లు ఎక్కిన రికార్డులు, ఎవరికీ అక్కర్లేని పాత సంవత్సరాలు. వీటిని రిపోర్ట్ దాకా రానిచ్చి అక్కడ దాచడం దండగ పని, పైగా ప్రతి కొత్త పేజీలోనూ ఆ ఫిల్టర్‌ని గుర్తుపెట్టుకుని మళ్లీ పెట్టాలి. టాబ్లోలో దీనికి ఎక్స్‌ట్రాక్ట్ ఫిల్టర్, డేటా సోర్స్ ఫిల్టర్ అని రెండున్నాయి. మొదటిది ఎక్స్‌ట్రాక్ట్ ఫైల్‌లోకే (అంటే సోర్స్ నుంచి తీసి దాచుకున్న డేటా కాపీలోకే) ఆ వరుసల్ని రానివ్వదు, రెండోది ఆ సోర్స్ వాడే షీట్లన్నిటికీ (టాబ్లోలో ఒక్కో చార్ట్ ఒక షీట్) వర్తిస్తుంది. పవర్ బీఐలో అయితే, లోడ్ అయ్యే ముందు డేటాని శుభ్రం చేసే పవర్ క్వెరీలో ఫిల్టర్ స్టెప్ పెడతారు. పెడితే వీలైనంత పైన పెట్టండి, ఎందుకంటే ఆ స్టెప్ డేటాబేస్ భాషలోకి మారగలిగితే వడపోత అక్కడే జరిగి తక్కువ డేటా వస్తుంది, మధ్యలో అలా మారలేని స్టెప్ ఏదైనా అడ్డుపడితే ఆ తర్వాత పెట్టిన ఫిల్టర్ కోసం మొత్తం టేబుల్‌ని లాక్కొచ్చి మీ మెషీన్ మీదే వడకడుతుంది. స్టెప్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే "వ్యూ నేటివ్ క్వెరీ" మసకబారి ఉందంటే అనుమానించాల్సిందే.

డేటాబేస్‌లో వ్యూ (టేబుల్‌లా వాడుకునేలా ముందే రాసిపెట్టిన క్వెరీ) రాయించుకునే అవకాశం ఉంటే నేను దానికే ఓటేస్తాను. ఏ టూల్ వాడినా, ఎవరు రిపోర్ట్ చేసినా ఒకే అంకె వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సోర్స్‌లో తీసేసింది రిపోర్ట్‌లో ఎలాగూ తిరిగి రాదు. క్యాన్సిల్ అయిన ఆర్డర్లని చాలామంది ఇక్కడే ఎత్తేస్తారు, నెల తిరక్కుండానే "క్యాన్సిలేషన్ రేటు ఎంత?" అని ఎవరో అడుగుతారు. టెస్ట్ డేటా తీసెయ్యండి, క్యాన్సిల్ అయినవి మాత్రం ఉంచి రిపోర్ట్ స్థాయిలో ఆపండి.

డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రాసేటప్పుడు ఇంకో రెండు చోట్ల కాలు జారుతుంది. "స్టేటస్ క్యాన్సిల్‌కి సమానం కాదు" అని వేర్ కండిషన్ రాస్తే స్టేటస్ ఖాళీగా, అంటే నల్‌గా ఉన్న వరుసలు కూడా చప్పుడు లేకుండా ఎగిరిపోతాయి, ఎందుకంటే నల్‌ని దేంతో పోల్చినా జవాబు అవుననీ కాదనీ రాదు. రెండోది తేదీలు. కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంటే, మార్చి 1 నుంచి మార్చి 31 వరకు అని బిట్వీన్ రాసినప్పుడు 31 అంటే ఆ రోజు అర్ధరాత్రి 00:00 అని అర్థం. ఆ క్షణం తర్వాత జరిగినవేవీ రావు, నెల చివరి రోజు అమ్మకాలు దాదాపు మొత్తం గల్లంతు. "మార్చి 1 లేదా ఆ తర్వాత, ఏప్రిల్ 1 కంటే ముందు" అని రాస్తే ఈ గొడవే ఉండదు.

రిపోర్ట్ చేసేవాళ్లు మాత్రమే మార్చేవి

ఈ పేజీ అంతా ఒక విభాగానికే, ఈ చార్ట్ ఈ ఏడాదికే అన్నట్టుండేవి. పవర్ బీఐలో దీనికోసమే ఫిల్టర్ పేన్‌లో మూడు స్థాయిలున్నాయి: ఒక్క విజువల్‌కి (అంటే ఒక చార్ట్‌కో టేబుల్‌కో), పేజీకి, రిపోర్ట్ మొత్తానికి. ఒక్కో ఫిల్టర్‌కి తాళం వేయొచ్చు, చూసేవాళ్లకి కనిపించకుండా దాచొచ్చు కూడా. లుకర్ స్టూడియోలోనూ ఇలాగే రిపోర్ట్, పేజీ, చార్ట్ స్థాయిలు ఉంటాయి. టాబ్లోలో ఫిల్టర్‌ని ఏదో ఒక షీట్‌లో పెట్టి, "అప్లై టు వర్క్‌షీట్స్" ద్వారా ఎంత దూరం పాకాలో చెబుతారు: ఈ షీట్‌కేనా, ఎంచుకున్న షీట్లకా, ఈ సోర్స్ వాడే అన్నిటికా, సంబంధం ఉన్న సోర్సులన్నిటికా. ఈ పనికి పవర్ బీఐ పద్ధతే నాకు నచ్చుతుంది, ఏ ఫిల్టర్ ఎక్కడిదో ఒకే చోట కనిపిస్తుంది కాబట్టి. టాబ్లోలో ఆ సంగతి తెలుసుకోవాలంటే ఫిల్టర్ పక్కన ఉండే చిన్న ఐకాన్లు చూసి పోల్చుకోవాలి.

ఇక్కడ ఎంపిక అసలు దేని మీదంటే, చేర్చే ఫిల్టరా తీసేసే ఫిల్టరా అని. జాబితాలో పన్నెండు విభాగాలుంటే పదకొండింటికి టిక్ పెట్టడం, ఒక్కదాన్ని ఎక్స్‌క్లూడ్ చెయ్యడం ఈరోజుకి ఒకటే. రేపు పదమూడో విభాగం వచ్చినప్పుడు ఆ పదకొండు టిక్కుల ఫిల్టర్‌లోకి అది రాదు, ఎర్రర్ కూడా రాదు, మొత్తం మాత్రం తగ్గి కనిపిస్తుంది. ఎక్స్‌క్లూడ్ పెట్టి ఉంటే అదే వచ్చి చేరుతుంది. అందుకే పేర్లు పెరిగే అవకాశం ఉన్న కాలమ్ మీద ఎక్స్‌క్లూడ్, లేదా పేర్లతో కాకుండా నియమంతో పెట్టే ఫిల్టర్ వాడండి. ఒప్పందం ప్రకారం ఫలానా నాలుగే చూపించాలి అన్నప్పుడు మాత్రం చేర్చే జాబితానే మంచిది.

శాతాలూ టాప్ 10లూ: అసలు గొడవంతా ఇక్కడే

మూడు విభాగాల అమ్మకాలు అనుకుందాం. ఏ 400, బి 350, సి 250, మొత్తం 1000. ఏ వాటా 40 శాతం. ఇప్పుడు సిని ఫిల్టర్‌తో తీసేశారు. మామూలు ఫిల్టర్ సిని లెక్కలోంచే తప్పిస్తుంది, మొత్తం 750కి పడిపోతుంది, ఏ వాటా ఉన్నట్టుండి 53.3 శాతం అవుతుంది. ఇది తప్పు జవాబేం కాదు, "సిని పక్కనపెడితే ఏ వాటా ఎంత" అన్న ప్రశ్నకి సరైన జవాబే. కాకపోతే చాలాసార్లు అడిగినవాళ్ల ఉద్దేశం అది కాదు, సిని కాసేపు కనబడనివ్వకు, అంకెలు మాత్రం అలాగే ఉంచు అని.

టాబ్లోలో దీనికి మూడు దారులు. ఒకటి, పేరు మీద రైట్ క్లిక్ చేసి "హైడ్" నొక్కడం. వరుస కనిపించదు, లెక్కలో ఉంటుంది, 40 శాతం 40గానే ఉంటుంది. చూసేవాళ్లు మార్చుకోవాలంటే ఇది కుదరదు. అప్పుడు లుకప్ ఫంక్షన్‌తో ఆ విభాగం పేరునే తిరిగిచ్చే టేబుల్ క్యాలిక్యులేషన్ (టేబుల్ తయారయ్యాక దాని మీద నడిచే లెక్క) ఒకటి రాసి దాన్ని ఫిల్టర్‌గా పెడతారు. టాబ్లో ఫిల్టర్ల వరుసలో టేబుల్ క్యాలిక్యులేషన్ ఫిల్టర్లు చివర్లో వస్తాయి కాబట్టి శాతాలు తేలిపోయాక ఆఖర్లో వరుసల్ని దాస్తాయన్నమాట. మూడోది ఫిక్స్‌డ్ ఎల్‌ఓడీతో (ఏ స్థాయిలో లెక్కగట్టాలో ముందే చెప్పేసే సూత్రంతో) హారాన్ని కట్టేయడం. ఇది మామూలు డైమెన్షన్ ఫిల్టర్ (విభాగం, ప్రాంతం లాంటి పేర్ల మీద పెట్టేది) కంటే ముందే లెక్క తేలుస్తుంది, కాబట్టి కదలదు.

పవర్ బీఐలో ఈ నిర్ణయం ఫిల్టర్ దగ్గర కాదు, మెజర్ (లెక్క కట్టే సూత్రం) రాసే దగ్గర తీసుకోవాలి. హారంలో క్యాలిక్యులేట్ లోపల రిమూవ్‌ఫిల్టర్స్ రాస్తే స్లైసర్‌లో (పేజీ మీద చూసేవాళ్ల కోసం పెట్టే ఫిల్టర్‌లో) ఏం ఎంచుకున్నా 1000తోనే భాగిస్తుంది, 40 వస్తుంది. ఆల్‌సెలెక్టెడ్ రాస్తే స్లైసర్‌ని గౌరవిస్తుంది, 53.3 వస్తుంది. రెండు మెజర్లూ రాసి "మొత్తంలో వాటా", "ఎంచుకున్నవాటిలో వాటా" అని విడివిడిగా పేర్లు పెట్టడం నాకు అలవాటు, ఆ తర్వాత మీటింగులో వాదనలు చాలా తగ్గుతాయి. లుకర్ స్టూడియో ఈ విషయంలో వెనకబడింది. సొంతంగా ఇచ్చే "మొత్తంలో శాతం" ఫిల్టర్ తర్వాత మిగిలినదాని మీదే, కదలని హారం కావాలంటే బ్లెండ్ చేసో (అంటే రెండు డేటాల్ని కలిపో) సోర్స్‌లోనే లెక్కగట్టో తెచ్చుకోవాలి. శాతాలే ప్రాణమైన రిపోర్ట్‌కి లుకర్ స్టూడియో ఎంచుకోకపోవడమే మేలు.

ఇక టాప్ 10. టాబ్లోలో ఉత్పత్తులకి టాప్ 10 ఫిల్టర్ పెట్టి, పక్కన ప్రాంతం ఫిల్టర్ పెట్టి, ఉత్తరం ఎంచుకుంటే నాలుగే వరుసలు రావడం కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ ఎదురయ్యేదే. టూల్ పాడవ్వలేదు. టాప్ ఎన్ (టాప్ 10, టాప్ 5 లాంటివి) అనేది డైమెన్షన్ ఫిల్టర్ కంటే ముందు నడుస్తుంది, అంటే ముందు అన్ని ప్రాంతాల మీదా పది ఉత్పత్తులు ఎంచి, తర్వాత ఆ పదిలో ఉత్తరంలో అమ్ముడైనవి చూపిస్తుంది. ఉత్తరంలోని టాప్ 10 కావాలంటే ప్రాంతం ఫిల్టర్ మీద "యాడ్ టు కాంటెక్స్ట్" నొక్కాలి. ఫిల్టర్ బూడిద రంగులోకి మారుతుంది, ఇకమీదట అది టాప్ ఎన్ కంటే ముందు నడుస్తుంది. ఇక్కడే ఇంకో చిక్కుముడి: కాంటెక్స్ట్ ఫిల్టర్లు ఫిక్స్‌డ్ ఎల్‌ఓడీకీ ముందే నడుస్తాయి, కాబట్టి పైన కట్టేసిన హారం కూడా కదిలిపోతుంది. ఒకే షీట్‌లో రెండూ ఉంటే కూర్చుని కాగితం మీద వరుస రాసుకోండి. కాంటెక్స్ట్ పెడితే స్పీడు పెరుగుతుందని అన్నిటికీ పెట్టేసేవాళ్లున్నారు, అర్థం మార్చుకోడానికే దాన్ని వాడండి, స్పీడు కోసం కాదు.

పవర్ బీఐలో ఈ సమస్య రాదు. టాప్ ఎన్ ఫిల్టర్ విజువల్ స్థాయిలోనే ఉంటుంది, స్లైసర్‌లో ఎంచుకున్నదాని లోపలే పది తీస్తుంది, పదో స్థానంలో ఇద్దరు సమానమైతే పదకొండు కనిపించొచ్చు. మొత్తం మీది టాప్ 10 ఉత్తరంలో ఎలా ఉందో కావాలంటే ఇక్కడ మీరే రాసుకోవాలి. అంటే రెండు టూల్స్‌లో డిఫాల్ట్‌లు తలకిందులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేవాళ్లు ముందు దీన్నే సరిచూసుకోవాలి.

ఇదే కోవలో ఇంకోటి: అంకెల మీద పెట్టే ఫిల్టర్. ఒక కస్టమర్‌కి మూడు ఆర్డర్లు, 60, 70, 150. "100 కంటే ఎక్కువ" అని ఫిల్టర్ పెడితే ఏం రావాలి? వరుసల మీద పెడితే 150 ఆర్డరొక్కటే మిగిలి ఆ కస్టమర్ మొత్తం 150 అవుతుంది. మొత్తం మీద పెడితే 280 కాబట్టి ఆ కస్టమర్ పూర్తిగా ఉంటాడు. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకి ఇది వేర్, హ్యావింగ్‌ల తేడానే. టాబ్లోలో మెజర్‌ని (ఇక్కడ దీని అర్థం అంకెల కాలమ్) ఫిల్టర్ షెల్ఫ్ మీదకి లాగగానే "ఆల్ వాల్యూస్" కావాలా, సమ్ కావాలా, యావరేజ్ కావాలా అని అడుగుతుంది. చాలామంది చదవకుండా ఓకే కొట్టే ఆ బాక్స్‌లోనే ఈ నిర్ణయం ఉంది. పవర్ బీఐలో కాలమ్ మీద ఫిల్టర్ వరుసలకి, మెజర్ మీద ఫిల్టర్ మొత్తాలకి. మెజర్‌ని పేజీ స్థాయిలో గానీ రిపోర్ట్ స్థాయిలో గానీ పెట్టనివ్వదు, విజువల్‌కి మాత్రమే.

చూసేవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు

ఐదారు విలువలుంటే బటన్లు లేదా జాబితా, చూడగానే ఏముందో తెలుస్తుంది. పది పదిహేను దాటితే డ్రాప్‌డౌన్. వందల్లో ఉంటే సెర్చ్ బాక్స్ ఉన్న డ్రాప్‌డౌన్ తప్ప ఇంకేదీ వద్దు. అంకెలకి స్లైడర్ చూడ్డానికి బాగుంటుంది గానీ 12,500 దగ్గర ఆపమంటే వేళ్లు నొప్పి పుడతాయి, అంకె టైప్ చేసే పెట్టె ఉంటేనే ఇవ్వండి.

పవర్ బీఐలో స్లైసర్ పెట్టాలా, ఫిల్టర్ పేన్‌ని తెరిచి వదలాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. రోజూ మార్చే రెండు మూడింటికి స్లైసర్, ఎప్పుడో ఒకసారి మార్చేవాటికి పేన్. ఎనిమిది స్లైసర్లు వరుసగా పేర్చిన పేజీలో చార్ట్‌కి చోటుండదు, పైగా ప్రతి స్లైసర్ తన జాబితా కోసం ఒక క్వెరీ పంపిస్తుంది. డేటా డైరెక్ట్ క్వెరీలో (ప్రతిసారీ డేటాబేస్‌నే అడిగే పద్ధతిలో) ఉంటే అప్లై బటన్ ఆన్ చెయ్యండి, లేకపోతే నాలుగు టిక్కులు పెట్టేలోపు నాలుగుసార్లు చక్రం తిరుగుతుంది. టాబ్లోలో ఇదే బాధ "ఓన్లీ రెలవెంట్ వాల్యూస్" దగ్గర వస్తుంది. ప్రాంతం ఎంచుకుంటే ఆ ప్రాంతపు శాఖలే కనిపించడం బాగుంటుంది, కానీ ఒక ఫిల్టర్ మారినప్పుడల్లా మిగతా జాబితాలన్నీ మళ్లీ అడగాలి. ప్రాంతం, శాఖ లాంటి జంటకి పెట్టండి, మిగతావాటికి వదిలేయండి.

పేజీ మారినా ఎంపిక నిలవాలంటే పవర్ బీఐలో సింక్ స్లైసర్స్, లుకర్ స్టూడియోలో కంట్రోల్‌ని రిపోర్ట్ స్థాయికి మార్చడం. లుకర్ స్టూడియోలో ఇంకో మంచి సదుపాయం ఉంది: కంట్రోల్‌ని ఒకటి రెండు చార్టులతో గ్రూప్ చేస్తే అది వాటినే మారుస్తుంది, పేజీలో మిగతావాటి జోలికి పోదు. పవర్ బీఐలో ఇదే పని "ఎడిట్ ఇంటరాక్షన్స్"లో ఒక్కో చార్ట్‌కీ విడిగా చెప్పాలి.

"గత 7 రోజులు" లాంటి రిలేటివ్ తేదీలు సౌకర్యంగా ఉంటాయి కానీ పవర్ బీఐ వాటిని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం ప్రకారం లెక్కిస్తుంది. యూటీసీ కంటే ముందున్న చోట ఉదయాన్నే తెరిస్తే "ఈ రోజు" అనేది ఇంకా నిన్నే. పొద్దున్న చూసే రిపోర్ట్ అయితే తేదీ టేబుల్‌లో మీ సమయం ప్రకారం ఒక కాలమ్ పెట్టుకుని దాని మీద ఫిల్టర్ చెయ్యండి.

టాబ్లో పారామీటర్ గురించి ఒక మాట. అది ఫిల్టర్ కాదు, ఒక్క విలువని పట్టుకునే పెట్టె అంతే. దాన్ని లెక్కలో వాడితేనే ఏదైనా జరుగుతుంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు సోర్సుల్ని ఒకే మీటతో కదపాలన్నా, "ఎంత దాటితే ఎరుపు" లాంటి హద్దుని చూసేవాళ్లే మార్చాలన్నా పారామీటరే సరైనది. ఒకేసారి మూడు విలువలు ఎంచుకోవాలంటే కుదరదు, అప్పుడు మామూలు ఫిల్టరే.

క్లిక్ చేస్తే మారేవి

చోటు మిగులుతుంది, ఆడుకోడానికి బాగుంటుంది, మొదటిసారి చూసేవాళ్లకి మాత్రం నొక్కొచ్చని తెలీదు. పవర్ బీఐలో ఒక బార్ నొక్కితే పక్క బార్ చార్టులు మామూలుగా హైలైట్ అవుతాయి, అంటే మిగతా భాగం పాలిపోయి మొత్తం వెనకాల కనిపిస్తూనే ఉంటుంది. ఎడిట్ ఇంటరాక్షన్స్‌లో దాన్ని ఫిల్టర్‌గా మార్చొచ్చు. మొత్తంలో భాగం ఎంతో చూపాలంటే హైలైట్, చిన్న భాగాన్ని పెద్దగా చూపాలంటే ఫిల్టర్. టాబ్లో ఫిల్టర్ యాక్షన్‌లో అందరూ వదిలేసే సెట్టింగ్ ఒకటుంది: ఎంపిక తీసేస్తే ఏం జరగాలి. ఫిల్టర్ అలాగే ఉంచమంటే, ఏమీ ఎంచుకోనట్టు కనిపిస్తూనే పాత అంకెలు నిలిచిపోతాయి, అది మోసం చేసినట్టే. "షో ఆల్ వాల్యూస్" పెట్టండి. వివరాల టేబుల్ అయితే అన్నీ ఎక్స్‌క్లూడ్ చేసే ఆప్షన్ బాగుంటుంది, ఏదైనా నొక్కితేనే టేబుల్ తెరుచుకుంటుంది.

దాచడం వేరు, ఆపడం వేరు

ఒక శాఖవాళ్లు ఇంకో శాఖ అంకెలు చూడకూడదంటే పైన చెప్పినవాటిలో సోర్స్ ఫిల్టర్ తప్ప ఏదీ పనికిరాదు. దాచిన ఫిల్టర్, తాళం వేసిన ఫిల్టర్ ఇవన్నీ సౌకర్యాలే గానీ కాపలా కాదు. పవర్ బీఐలో రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో నిర్ణయించేది) వాడండి, కాకపోతే అది వర్క్‌స్పేస్‌లో (రిపోర్టులు ఉంచే ఉమ్మడి చోట) వ్యూయర్ పాత్ర ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్‌లకి మొత్తం కనిపిస్తుంది. చూడకూడని మనిషికి తొందర్లో కంట్రిబ్యూటర్ ఇచ్చారంటే అంతే సంగతులు. టాబ్లోలో యూజర్ ఫిల్టర్‌ని (లాగిన్ అయినవాళ్లని బట్టి వడకట్టేదాన్ని) షీట్‌లో కాకుండా డేటా సోర్స్‌లో పెట్టి పబ్లిష్ చెయ్యాలి, షీట్‌లో ఉంటే ఎడిట్ చేసే హక్కున్నవాళ్లు తీసి పక్కన పెట్టగలరు. లుకర్ స్టూడియోలో డేటా సోర్స్ దగ్గరే ఈమెయిల్ ప్రకారం వడకట్టే ఆప్షన్ ఉంది, చిన్న టీములకి అది చాలు.

ఎక్సెల్ పివట్‌లో స్లైసర్ పెట్టి ఒక శాఖ మాత్రమే కనిపించేలా చేసి ఫైల్ మెయిల్ చేసేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: పివట్ క్యాష్‌లో (ఫైల్ లోపల పివట్ దాచుకునే డేటా కాపీలో) మొత్తం డేటా ఫైల్‌తో పాటే వెళ్తుంది. అవతలివాళ్లు స్లైసర్ క్లియర్ చేస్తే చాలు, అన్ని శాఖలూ ప్రత్యక్షం. ఎక్స్‌ట్రాక్ట్‌తో కలిపి ప్యాక్ చేసిన టాబ్లో వర్క్‌బుక్‌కీ, డేటా ఇంపోర్ట్ చేసిన పవర్ బీఐ ఫైల్‌కీ ఇదే వర్తిస్తుంది. ఫైల్‌గా పంపక తప్పకపోతే ముందు ఆ శాఖ వరుసలు మాత్రమే ఉన్న సోర్స్ తయారుచేసి, దాని మీద రిపోర్ట్ రిఫ్రెష్ చేసి పంపండి, లేదంటే పీడీఎఫ్ పంపండి.